ఊర్ణనాభము - పద్మనాభుడు

పద్మనాభుడు, ఊర్ణనాభము అను రెండు పదములును వ్యాకరణరీత్యా ఒకే తీరున ఏర్పడిన బహువ్రీహి సమాసములు. ఎవని నాభియందు పద్మము కలదో అతడు పద్మనాభుడు. దేని నాభియందు ఊర్ణ, అనగా ఉన్ని, కలదో అది ఊర్ణనాభము. మొదటిది జగత్కారణుడైన శ్రీమహావిష్ణువు నామము. రెండవది ఇంటి చూరున వ్రేలాడు సాలెపురుగు పేరు. గృహిణి చీపురుతో దులిపి పారవేయు అల్పప్రాణికిని, వైకుంఠవాసునికిని పెద్దలు ఒకే పోలికలో పేర్లు పెట్టుటలోని అంతరార్థమేమి?

ఈ ప్రశ్నను విచారించుటకు వికారాబాదు మండలము మిక్కిలి తగిన చోటు. వికారాబాదు నుండి తాండూరు పోవు మార్గమున అనంతగిరి అడవి దాటిన పిదప ధారూరు వచ్చును. ఆ గిరిపై శ్రీ అనంతపద్మనాభస్వామి కొలువై యున్నాడు. పెద్దలు ముచుకుందనది యని పిలుచు మూసీ ఆ కొండలయందు పుట్టి తూర్పునకు సాగి, భాగ్యనగరము మీదుగా పోయి కృష్ణలో కలియుచున్నది. కాగ్నానది ఆ కొండలయందే పుట్టి పడమటికి సాగి, తాండూరు ప్రాంతమును తడిపి, భీమానదితో కూడి తుదకు ఆ కృష్ణనే చేరుచున్నది. పద్మనాభుని దర్శనమునకు గిరి యెక్కు భక్తుడు త్రోవ ప్రక్కన పొదలను కొంచెము తేరిపార చూచినచో ఊర్ణనాభ దర్శనము కూడ లభించును. వానకాలపు ఉదయమున మంచుబిందువులు పట్టిన సాలెగూళ్ళు కొమ్మకొమ్మకును ముత్యాల చేరులు కట్టినట్లుండును.

అమరసింహుడు ఈ ప్రాణికి లూత, తంతువాయము, ఊర్ణనాభము, మర్కటకము అని నాలుగు పేర్లు చెప్పెను. తంతువాయ మనగా నేతగాడు. తెలుగువారును దీనిని సాలెపురుగు, సాలీడు అనియే పిలిచిరి. సాలెవాడనగా నేతగాడే కదా. ఇట్లు దేవభాషయు దేశభాషయు కూడ దీనిని నేతపనివానిగనే గుర్తించినవి. పురుగని పేరు వచ్చినను ఇది పురుగుల జాతిలోనిది కాదు. పురుగులకు ఆరు కాళ్ళు, దీనికి ఎనిమిది. పురుగుల వలె రెక్కలును, తలపై మీసములును దీనికి లేవు. లోకమునందు ఇప్పటికి 50,000కు మించిన సాలెపురుగుల జాతులకు శాస్త్రజ్ఞులు నామకరణము చేసియున్నారు. వానిలో వల పన్నునవి కొన్ని, వల లేకయే వేటాడునవి కొన్ని. అయినను దారము తీయని సాలెపురుగు లేదు.

ఇక ఉపనిషత్తుల దృష్టాంతమును చూతము. ముండకోపనిషత్తు ప్రథమ ముండకమునందు అక్షరబ్రహ్మము నుండి విశ్వము పుట్టు తీరును తెలుపుటకు మూడు పోలికలు చెప్పబడినవి. సాలెపురుగు తన దారమును తానే విడిచి తానే తిరిగి గ్రహించుట మొదటిది. భూమి నుండి ఓషధులు మొలచుట రెండవది. జీవించియున్న మానవుని దేహము నుండి కేశములు, రోమములు పుట్టుట మూడవది. బృహదారణ్యకమున అజాతశత్రువు బాలాకికి చేసిన ఉపదేశములోను, శ్వేతాశ్వతరోపనిషత్తు ఆరవ అధ్యాయములోను మరల ఈ సాలెపురుగే వచ్చును. ఋషులు సింహమును, గరుడుని, ఐరావతమును విడిచి ఈ చిన్నప్రాణిని ఎన్నుకొనుటకు బలమైన కారణము కలదు.

కుమ్మరి కుండ చేయవలెనన్న మట్టి కావలెను. ఆ మట్టి కుమ్మరి కంటె వేరు. సాలెవాడు వస్త్రము నేయవలెనన్న నూలు కావలెను. ఆ నూలు సాలెవాని కంటె వేరు. చేయువాడు నిమిత్తకారణము, చేయుటకు వలసిన వస్తువు ఉపాదానకారణము. ఈ రెండును లోకమున వేరువేరుగా కనబడుచున్నవి. పరమాత్మ సృష్టికి పూనుకొనునాటికి ఆయనకు వెలుపల మరియొక వస్తువు లేదు. అట్టి స్థితిలో సృష్టి యెట్లు సంభవించును? చేయువాడును, చేయుటకు వలసిన వస్తువును ఒకటియే అయిన దృష్టాంతము లోకమున చూపవలెను. సాలెపురుగు వెలుపలి నుండి నూలు కొనితెచ్చుకొనదు. నేయునదియు అదియే, నూలును దానిదే.

ఈ దృష్టాంతముపై ఆక్షేపణ రాకపోలేదు. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యము రెండవ అధ్యాయము మొదటి పాదమున పూర్వపక్షమును ఇట్లు చూపిరి. సాలెపురుగు తనకంటె చిన్నవైన జంతువులను తినుటచేత దాని లాలాజలము గట్టిపడి దారమగుచున్నది. కావున అది కూడ వెలుపలి సాధనముపై ఆధారపడినదే యని వాది యనును. దానికి సమాధానముగా, కుమ్మరి మొదలగువారి వలె వెలుపలి సామగ్రిని సమకూర్చుకొనకుండుట అను అంశము వరకే ఈ పోలికయని భాష్యకారులు చెప్పిరి. సిద్ధాంతము సరియే, పూర్వపక్షము నందలి పరిశీలన కూడ ఎంత సూక్ష్మమైనదో గమనింపవలెను. సాలెపురుగు గర్భములో దారము ద్రవరూపమున ఉండుననియు, వెలికి లాగబడునప్పుడే గట్టిపడుననియు, దానికి మూలము తిన్న ఆహారములోని మాంసకృత్తులనియు నేటి జీవశాస్త్రము చెప్పుచున్నది. నోటి నుండి కాక పొట్ట చివరనున్న నూలుతిత్తుల నుండి దారము వచ్చుట యొక్కటే భేదము.

"తిరిగి గ్రహించుట" అను మాట కూడ అలంకారము కాదు. చక్రాకారముగ వల నేయు సాలెపురుగులు పాతబడిన వలను తామే తిని, క్రొత్త వలను నేయును. 1971లో పీకాల్ అను శాస్త్రజ్ఞుడు ఒక జాతి సాలెపురుగు వలకు రేడియోధార్మిక చిహ్నము వేసి పరిశీలించెను. తిన్న దారమునందలి పదార్థములో అధికభాగము కొద్ది సమయములోనే క్రొత్త దారముగా వెలువడుట కనబడెను. సృష్టియు లయమును ఒకే గర్భములో జరుగుచున్నవి. లయమైనది నశించుట లేదు, రేపటి సృష్టికి బీజమగుచున్నది. శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమున అవధూత యదుమహారాజునకు తన ఇరువది నలుగురు గురువులను చెప్పుచు సాలెపురుగును చేర్చినది ఈ పాఠము కొరకే.

లోకమున ఒక నానుడి కలదు: సాలెపురుగు వలె తాను పన్నిన వలలో తానే చిక్కుకొనెను అందురు. విచారించినచో ఈ మాట సాలెపురుగునకు అన్యాయమే చేయుచున్నది. అది తన వలలో చిక్కదు. చక్రాకారపు వలయందు నడుమ నుండి అంచునకు పోవు దారములకు జిగురుండదు, చుట్టు తిరుగు దారములకే ఉండును. సాలెపురుగు జిగురు లేని దారములపై కాలూనుచు, జిగురు దారమును తాకవలసి వచ్చినప్పుడు గోటికొనతో మాత్రమే తాకుచు సంచరించును. గృహస్థుడు సంసారములో మెలగవలసిన తీరు ఇదియే. ఇల్లు, పొలము, సంతానము అను దారములన్నియు తానే నేసినను, ఎచ్చట కాలు మోపవలెనో ఎచ్చట మోపరాదో తెలిసిన వానికి బంధము లేదు. "నాది" అను జిగురు మీద పూర్తిగా వ్రాలినవాడు నేసినవాడైనను ఈగ వలెనే చిక్కుకొనును.

దక్కను పీఠభూమి మెట్టనేలలలోని ముళ్ళపొదలయందును, కంచెలయందును మరియొక విచిత్రమైన సాలెపురుగు కనబడును. ఎండుటాకులు, పుల్లలు, తిన్న కీటకముల పొట్టు కలిపి దారముతో బిగించిన పిడికెడంత, ఒక్కొక్కప్పుడు తలకాయంత గూడు కొమ్మల నడుమ ఉండును. దాని నుండి బూడిదరంగు దుప్పటి పరచినట్లు వల నలుదిక్కులకు సాగియుండును. బాటసారి దానిని చూచి పాడుబడిన గూడనుకొని పోవును. లోపల సొరంగముల వంటి దారులలో పదుల నుండి వందల సంఖ్యలో సాలెపురుగులు కలిసి కాపురముండును. అంగుళములో సగమైనను లేని ఈ ప్రాణికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు స్టెగోడైఫస్ సరాసినోరమ్. సింహళమున జీవజాతులను సేకరించిన సరాసిన్ వంశీయులైన ఇద్దరు పండితుల పేర 1892లో కార్ష్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దీనికి నామకరణము చేసెను. చిత్తూరు జిల్లా కుప్పము పరిసరములలో దీని నడవడిని పరిశోధకులు విశేషముగా పరిశీలించియున్నారు.

ఊర్ణనాభమను పేరు దీనికి అక్షరాల తగియున్నది. దీని వలకు జిగురు లేదు. నూలుతిత్తులకు ముందు జల్లెడ వంటి చిన్న ఫలకమొకటి దీనికి ఉండును. అందుండి వెలువడు అతిసన్నని పోగులను వెనుక కాళ్ళపై దువ్వెన వలె అమరిన రోమములతో దువ్వి, నురుగువంటి మెత్తని ఉన్నిగా చేసి వలకు అతుకును. గొంగడి నేయు కురుమలు ఉన్నిని ఏకిన విధముననే ఈ పనియు జరుగును. వ్రాలిన కీటకము కాళ్ళ రోమములు ఆ ఉన్నిలో పల్లేరుకాయ బట్టకు పట్టుకొన్నట్లు పట్టుకొనును.

సాలెపురుగులు సహజముగా ఒంటరివి. ఒకదాని వలలోనికి మరియొకటి వచ్చినచో పోరాటము తప్పదు. 50,000 జాతులలో జీవితాంతము కలిసి బ్రతుకునవి సుమారు ఇరువది అయిదు మాత్రమే. వానిలో ఇది యొకటి. చీకటి పడిన పిదప కూడి వలను బాగుచేయును. తమకంటె ఎన్నో రెట్లు పెద్దదైన మిడుత చిక్కినచో కొన్ని ముందుకు పోయి దానిని లొంగదీయును. తినునప్పుడు మాత్రము వెళ్ళినవియు వెళ్ళనివియు అన్నియు చేరును. నీవు పనికి రాలేదు, నీకు భాగము లేదని ఒకటి మరియొకదానిని తరుముట కనబడదు.

వీనిలో ఆడువాని సంఖ్య మగవాని కంటె అనేకరెట్లు అధికము. తల్లి గ్రుడ్లసంచిని కాచి, పిల్లలు వెలువడు సమయమున సంచిని చించి వానికి దారి చేయును. తాను జీర్ణము చేసికొన్న ఆహారమును ద్రవముగా నోటి నుండి తీసి పిల్లలకు పెట్టును. కొన్నాళ్ళకు పెట్టుటకు ఏమియు మిగులదు. అప్పుడు తన దేహమునే అప్పగించును. ఆమె అంతరవయవములు క్రమముగా కరిగి పిల్లలకు ఆహారమగును. ఆమె పారిపోదు, ఎదిరింపదు. పిల్లలు తల్లిపైకి ఎక్కి ఆమెను తిని పెరుగును. తుదకు పైతోలు మాత్రము మిగులును. ఈ జాతికి చుట్టమైన ఆఫ్రికా జాతిలో పిల్లలు లేని ఆడుసాలెపురుగులు కూడ ఇతరుల పిల్లలకు ఇట్లే తిండి పెట్టి, ఇట్లే దేహమును అర్పించునని 2017లో ప్రకటింపబడినది.

ఈ మాట వినగానే ఒడలు జలదరించును. పిల్లలు తల్లిని తినుట ఎంత క్రూరమని తోచును. ఆ తోచుటను అచ్చటనే ఆపి, తన ఇంటివైపు ఒకమారు చూచుకొనవలెను. గర్భమున నున్న శిశువు తల్లి తినెడి అన్నముతోనే పెరుగును, చాలనప్పుడు ఆమె యెముకల సారమును కూడ గ్రహించును. పుట్టిన పిదప ఆమె స్తన్యమును, నిద్రను, యౌవనమును గ్రహించును. మెట్టపొలములో కూలి చేసి, తాను ఒకపూట తిని, కుమారుని చదివించిన తల్లులు ధారూరు పల్లెలలోనేమి, ఏ పల్లెలోనేమి, కోకొల్లలుగా కలరు. ఆ కుమారుడు రైలెక్కి నగరము చేరి ఉద్యోగము సంపాదించును. ఏటికొకమారు పండుగకు వచ్చును, మరికొన్నేండ్లకు అదియు మానును. పైతోలు మాత్రము మిగిలిన తల్లి అరుగుపై కూర్చుండి బండి వచ్చు వేళను లెక్కించుచుండును. సాలెపిల్లకు మాతృఋణ మనునది తెలియదు, కనుక దానికి దోషము లేదు. తెలిసియు తీర్పని మనుజునికే దోషము. తైత్తిరీయోపనిషత్తులో ఆచార్యుడు విద్య ముగించి యింటికి పోవు శిష్యునకు తల్లిని దైవముగ చూడుమని మొదట చెప్పి, తండ్రిని, ఆచార్యుని, అతిథిని ఆ పిమ్మట చెప్పెను. ఆ వరుస ఊరక ఏర్పడినది కాదు.

ఈ సాలెగూటి ఐకమత్యమును మెచ్చుకొనుచునే దానిలోని లోపమును కూడ చెప్పవలెను. ఈ ప్రాణులు ఒకే గూటిలోని తోబుట్టువులతోనే జతకూడును. వెలుపలి రక్తము వానిలో కలియుట అరుదు. కావున ఆ జాతిలో వైవిధ్యము మిక్కిలి తక్కువయనియు, గూటికి గూళ్ళే ఒక్కసారిగా నశించుట తరచుగా జరుగుననియు పరిశోధకులు కనుగొనిరి. ప్రేమ ఎంత గొప్పదైనను తన గూటికే పరిమితమైనచో బలహీనమగును. తనవారికి ప్రాణమిచ్చుట గొప్పయే, తనవారెవరను ప్రశ్నకు తన గోడలోపలివారే యని సమాధానము చెప్పుట మాత్రము సాలెపురుగు చేయగల పనియే. పద్మనాభుని నాభికమలము నుండి పుట్టినవి సమస్తలోకములు. ఆయనను సేవించువాడు ఏ గూటిలోని ప్రాణిని పరాయిదనగలడు?

భక్తిమార్గమున ఈ ప్రాణికి దొరికిన స్థానము తెలుగువారికి సుపరిచితము. శ్రీ యనగా సాలెపురుగు, కాళమనగా పాము, హస్తి యనగా ఏనుగు. ఈ మూటి పేరనే శ్రీకాళహస్తి వెలసినది. ధూర్జటి తన శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున ఈ కథను విస్తరించి చెప్పెను. సాలెపురుగు శివలింగము చుట్టు దారముతో గోపురములను, మండపములను నిర్మించి సేవించెను. శివుడు పరీక్షింపదలచి దీపజ్వాల చేత ఆ కట్టడమును కాల్పించెను. సాలెపురుగు తన ప్రాణమును లెక్కింపక ఆ దీపమునే మ్రింగబోయెను. స్వామి ప్రత్యక్షమై మోక్షమొసగెను. సాలెపురుగు సమర్పించిన ద్రవ్యమేమి? పువ్వు కాదు, పత్రి కాదు, పాలు కాదు. తన గర్భములో పుట్టిన దారము. ఉన్నదానిలో కొంత ఇచ్చుట దానము, తానే అగుదానిని ఇచ్చుట ఆత్మనివేదనము.

దక్షిణదేశమున జంబుకేశ్వర క్షేత్రమునందు ఇట్టిదే మరియొక కథ కలదు. ఎండుటాకులు లింగముపై పడకుండ సాలెపురుగు పైన చాందినీ నేసెను. అభిషేకమునకు వచ్చిన ఏనుగు దానిని మాలిన్యముగా భావించి తొలగించెను. ప్రతిదినము ఇట్లే జరుగగా సాలెపురుగు కోపించి ఏనుగు తొండములో ప్రవేశించెను. రెండును మరణించెను. ఆ సాలెపురుగే కోచ్చెంగణ్ణాన్ అను చోళరాజుగా జన్మించి, ఏనుగు ప్రవేశింపరాని ఎత్తైన ఆలయములను కట్టించెనని స్థలపురాణము. ఇరువురును భక్తులే. ఒకరి సేవ మరియొకరి కంటికి మలినమైనది. శ్రీకాళహస్తిలోని సాలెపురుగు కోపము అగ్నిపై చూపి తన ప్రాణము నొడ్డినది. జంబుకేశ్వరములోనిది తోటి భక్తునిపై చూపి జన్మాంతరమును తెచ్చుకొన్నది. ఆలయసేవలో పంతములు పెంచుకొనువారు ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన ఉంచి చదువుకొనవలెను.

ఇక్కడ ఒక ధర్మసందేహము పుట్టును. సాలెపురుగు ఇంతటిదైనచో ఇంట, గుడిలో బూజు దులుపరాదా? శుచిత్వము లేని చోట లక్ష్మి నిలువదని పెద్దలు చెప్పుదురు కదా? శాస్త్రము దీనికి సమాధానము ఇదివరకే చెప్పియున్నది. మనుధర్మశాస్త్రము మూడవ అధ్యాయమున గృహస్థునకు ఐదు హింసాస్థానములు చెప్పబడినవి. అవి పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ. వీనిని వాడక గృహస్థుడు బ్రతుకలేడు, వాడినచో సూక్ష్మప్రాణులకు హింస తప్పదు. ఈ దోషనివృత్తికే పంచమహాయజ్ఞములు విధింపబడినవి. వానిలో భూతయజ్ఞము సమస్త ప్రాణులకు అన్నభాగము సమర్పించుట. చీపురును పారవేయుమని శాస్త్రము చెప్పలేదు. చీపురు పట్టినవాడు ఋణపడినాడని చెప్పినది. కావున గుడి శుభ్రము చేయువాడు పాడుబడిన బూజును దులుపవచ్చును. ప్రాణమున్న దానిని ఒక కాగితముపైకి ఎక్కించి వెలుపలి చెట్టుపై విడుచుటకు పట్టునది క్షణకాలము. ముళ్ళకంచెలోని గూటికి నిప్పు పెట్టకుండుటకు ఆ క్షణకాలమైనను పట్టదు.

పొలమునకు కూడ ఈ ధర్మము చెల్లును. తాండూరు కందులు పేరెన్నికగన్నవి, 2022లో వానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఆ కందిచేలలో కొమ్మకొమ్మకు వల పన్ని కూర్చుండు సాలెపురుగు కూలి అడుగని కావలివాడు. లోకములోని సాలెపురుగులన్నియు కలిసి ఏటికి 40 కోట్ల నుండి 80 కోట్ల టన్నుల కీటకములు మొదలగు చిన్నప్రాణులను తినునని 2017లో ప్రకటించిన ఒక అంచనా కలదు. అవసరమునకు మించి విషము చల్లినచో పురుగుతో పాటు ఈ కావలివాడును చచ్చును. పురుగు మరల పుట్టుకొని వచ్చును, కావలివాడు అంత వేగముగ రాడు. అప్పు తెచ్చి మందు కొన్న రైతు మరల అప్పు తేవలసివచ్చును. చల్లుటకు ముందు చేనిలో ఒకసారి తిరిగి, పురుగెంత, దానిని తినునవి ఎన్ని అని చూచుకొనుట రైతునకు ధర్మమును, అర్థమును కూడ.

పద్మనాభుని నాభి నుండి పద్మము, ఆ పద్మము నుండి బ్రహ్మ, ఆ బ్రహ్మ నుండి సమస్త జీవజాలము పుట్టినవని పురాణములు చెప్పుచున్నవి. ఆ వరుసలో కడపటిదిగా ఒక చిన్నప్రాణి తన దారముతో తన లోకమును తాను నేసికొనుచున్నది. పెద్దలు రెండింటికి ఒకే తీరున పేరు పెట్టుట, చిన్నదానిలో పెద్దదానిని చూచు కన్ను మనకు కలుగవలెననియే. ఈ నెలలో అనంతగిరికి పోవు భక్తులు స్వామిని దర్శించి దిగివచ్చునప్పుడు పొదలవంక ఒకమారు చూతురుగాక. ఇల్లు చేరిన పిదప చీపురు మెల్లగ పట్టుదురుగాక. తల్లి బ్రదికియున్నవారు ఆమె చెంతకు పోయి ఆమె భోజనము చేసినదో లేదో అడుగుదురుగాక. శ్రీ అనంతపద్మనాభస్వామి కృప సమస్త ప్రాణులయందును ప్రసరించుగాక.